రెండు నిమిషాల హాల్ట్‌లో ఎక్కగలిగే సంచి: ఆఫీసు పని మీద ఊరెళ్లే గోదావరి డెల్టా ఆడవాళ్లకి

తణుకులోనో, నిడదవోలులోనో, పాలకొల్లులోనో చాలా బండ్లు ఆగేది ఒకటి రెండు నిమిషాలు. మీ బోగీ ప్లాట్‌ఫాం అవతలి కొసన ఆగిందనుకోండి, సగం టైము పరుగుకే సరిపోతుంది. మిగిలిన సగంలో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో సంచి ఎత్తి, ముందు ఎక్కినవాళ్ల సామాను దాటుకుని లోపలికి చేరాలి. పని మీద ఒంటరిగా వెళ్లే ఆడమనిషి సంచి ఎంత బరువుండాలో చెప్పడానికి ఇంతకంటే నిఖార్సైన కొలత లేదు. ఎవరి సాయం అడక్కుండా, కుచ్చిళ్లు తొక్కుకోకుండా, ఆ రెండు నిమిషాల్లో ఎక్కగలిగినంతే తీసుకెళ్లండి.

ఇక్కడ లెక్కలన్నీ ఒక మామూలు ప్రయాణానికి వేసినవి. సోమవారం రాత్రి బండెక్కడం, మంగళ, బుధవారాలు హైదరాబాద్‌లో పని, మధ్యలో ఒక రాత్రి హోటల్లో, బుధవారం రాత్రి తిరుగుబండి. ఐదు రోజుల పనైనా ఇదే సంచి సరిపోతుంది, ఉతుకు ఒక్కటే పెరుగుతుంది.

ముందు ఖాళీ సంచిని తూచండి

చక్రాల పెట్టె విమానాశ్రయం గచ్చు మీద హాయిగా దొర్లుతుంది. మన దారిలో ఆ గచ్చు వచ్చేది తక్కువ. స్టేషన్ ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మెట్లు, వానాకాలంలో ఆర్టీసీ కాంప్లెక్సులో నిలిచిన నీళ్లు, నలుగురు కూర్చున్న ఆటో, సఖినేటిపల్లి రేవులో నది దాటించే పంటు ఎక్కే వాలు. వీటిలో ఎక్కడా చక్రం తిరగదు, పెట్టెని మీరే మొయ్యాలి. పైగా గట్టి పెట్టె ఖాళీగానే రెండున్నర నుంచి మూడున్నర కిలోలుంటుంది. విమానంలో చేతిసామానుకి మామూలుగా ఇచ్చేది 7 కిలోలు. అందులో సగం దాకా పెట్టే తినేస్తుంది.

వీపున తగిలించుకునే 35, 40 లీటర్ల బ్యాగు మేలు. పుస్తకంలా పూర్తిగా తెరుచుకునేదే కొనండి. పైనుంచి మాత్రమే తెరుచుకునేదైతే అడుగునున్న జాకెట్టు కోసం మొత్తం బెర్తు మీద కుమ్మరించాల్సి వస్తుంది. ఖాళీ బరువు 1.2 కిలోలు దాటకూడదు. కొలత 55, 35, 25 సెంటీమీటర్ల లోపుంటే రైలుకీ విమానానికీ ఒకటే సంచి సరిపోతుంది. కొనేముందు భుజం పట్టీ కుట్టిన చోట వేలు పెట్టి గట్టిగా లాగి చూడండి, చిరిగేది ముందు అక్కడే. పక్కన పట్టుకోవడానికి పిడి ఉండి తీరాలి. బ్యాగు వీపునుంటే బోగీ తలుపులో ఇరుక్కుంటుంది, అందుకని దాన్ని పిడి పట్టుకుని ముందు లోపలికి తోసి తర్వాత మనం ఎక్కాలి.

రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయం నుంచి వెళ్లేవాళ్లకి ఒక మాట. అక్కడి సర్వీసుల్లో ఏటీఆర్ రకం చిన్న విమానాలుంటాయి. వాటిలో తలపైన అరలు ఇరుకు. పెద్ద విమానంలో పట్టిన పెట్టె ఇక్కడ పట్టకపోతే మెట్ల దగ్గరే తీసుకుని కింది అరలో వేసేస్తారు. అలా ఇవ్వాల్సొస్తే ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్, మందులు తీసి దగ్గర పెట్టుకోండి. పవర్ బ్యాంక్ కింది అరలో వెయ్యడం నిషేధం కూడా.

దీనికి తోడు అడ్డంగా వేసుకునే చిన్న భుజం సంచి ఒకటి. ఫోను, పర్సు, గుర్తింపు కార్డు, కళ్లజోడు, మాత్రలు, చేతిరుమాలు దాన్లో. రాత్రి బెర్తు మీద తలకింద ఉండేదీ, బాత్రూముకి మీతో వచ్చేదీ ఇదే. పెద్ద సంచి పోతే బట్టలే పోతాయి. ఇది పోతే మర్నాడు హోటల్లో గది కూడా ఇవ్వరు.

తూకం పంపకం

గుర్తు పెట్టుకోవాల్సిన లెక్క ఇది. బ్యాగు 1.2 కిలోలు. ల్యాప్‌టాప్, చార్జరు కలిపి 1.9. పనికి కట్టుకునే రెండు జతలు 1.5. రాత్రి బట్ట, లోదుస్తులు 600 గ్రాములు. సబ్బూ దువ్వెనా మందులూ 500. ఒక జత చెప్పులు 500. మిగతా చిల్లర సామాను మరో 500. మొత్తం 6.7 కిలోలు. ఇంట్లో మనుషుల బరువు చూసే మిషనుంటే ముందు మీరొక్కరే, తర్వాత సంచి తగిలించుకుని ఎక్కండి. తేడాయే సంచి బరువు.

7 కిలోలు దాటితే ఏం తియ్యాలి? చాలామంది చీర తీస్తారు. చీర తీసేముందు “ఎందుకైనా మంచిది” అని వేసినవన్నీ బయట పెట్టండి. సంచిలో వేసిన రెండో జత చెప్పులు, టర్కీ తువ్వాలు, పెద్ద షాంపూ సీసా, హెయిర్ డ్రయ్యరు, చదవని ఫైళ్లు. ఇవన్నీ కలిస్తే రెండు కిలోలకి తక్కువుండవు. ఫైళ్లు తప్ప వీటిలో ఏది అవసరం పడినా హైదరాబాద్‌లో వీధి చివర దొరుకుతుంది.

బట్టలు: చీర కాదు బరువు, దాని పరివారం

మూడు జతలు చాలు. ఒకటి ప్రయాణానికి, రెండు పనికి. ప్రయాణపు జతతోనే వెళ్లి దానితోనే తిరిగి రండి. ముదురు రంగు కాటన్ కుర్తా, వదులు ప్యాంటు అయితే రైల్లో పడుకోడానికీ బాగుంటుంది, బెర్తు మరకా కనపడదు.

కుర్తాలు వేసుకునేవాళ్లకి పని సులువు. కింద నల్లదో నీలందో ఒకే ప్యాంటు, పైకి రెండు కుర్తాలు, రెండింటికీ నప్పే ఒక చున్నీ. అదే చున్నీ రైలు ఏసీలో కప్పుకోడానికీ, ఎండలో తలకీ పనికొస్తుంది.

చీరల దగ్గరే ఆలోచించాలి. చీర అరకిలో ఉంటుంది, లోపలి లంగా, జాకెట్టు కలిపితే ముప్పావు కిలో. రెండు చీరలకి రెండు రంగుల లంగాలు పెట్టడంతో సంచి ఉబ్బుతుంది. ఒకే లంగా సరిపోయేలా చీరలు ఎంచుకోండి. మెరూన్, వంకాయరంగు పక్కపక్కనుంటే మెరూన్ లంగా రెండింటికీ చాలు. జాకెట్టు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. మన ఉక్కపోతలో చీర రెండు రోజులు కట్టొచ్చు గానీ జాకెట్టు రెండో పూట వేసుకోలేం. రెండు చీరలకి మూడు జాకెట్లు, వాటిలో ఒకటి రెండు చీరల మీదకీ నప్పే నలుపో బంగారు రంగో పెట్టుకోండి. జాకెట్టు వంద గ్రాములకి అటూ ఇటూ, అంతే. ఆ వంద గ్రాములతో ఇంకో చీర మొయ్యడం తప్పుతుంది.

గంజి పెట్టిన నూలు చీర ఈ ప్రయాణానికి పనికిరాదు. మడతల దగ్గర గీతలు పడి ఇస్త్రీకి తప్ప లొంగవు. కోస్తా చెమ్మ గాలికి గంజి మెత్తబడి మధ్యాహ్నానికి చీర నీరుగారిపోతుంది. క్రేప్, జార్జెట్, మెత్తటి సిల్కు కాటన్ కలనేత అయితే చుట్టి పెట్టినా ముడత పడదు. ఉప్పాడ జాందానీ తేలికే, మడతకి చిన్నదే. కాకపోతే సాంబారు చుక్క పడితే హోటలు గదిలో చేసేదేమీ లేదు. ముఖ్యమైన మీటింగు పూటకి ఒక్కటి పెట్టుకుని, అక్కడ భోజనం వేళకి ఒళ్లో రుమాలు పరుచుకోండి.

సర్దే పద్ధతి ఇదీ. చీరని హ్యాంగరుకి వేసే మడతలోకి తెచ్చి మంచం మీద పరవండి. దాని మీద లంగాని మూడు మడతలుగా, ఆపైన జాకెట్టు, లోదుస్తులు పెట్టండి. ఒక కొస నుంచి గట్టిగా చుట్టి, లంగా నాడాతోనే కట్టెయ్యండి. ఒక చుట్ట అంటే ఒక రోజు బట్ట. పొద్దున్నే ఒక్క చుట్ట తీస్తే అన్నీ చేతికొస్తాయి, మిగతా సంచి కదలదు. తొందర పని ఉన్న రోజు చీరకి కుచ్చిళ్లు, పైట మడతలు ఇంట్లోనే పెట్టి, ఇస్త్రీ చేసి, బట్టల క్లిప్పులు తగిలించి చుట్టండి. పొద్దున కట్టుకోడానికి ఐదు నిమిషాలు చాలు. ఈ చుట్ట మాత్రం సంచిలో అన్నిటికన్నా పైన ఉండాలి.

పిన్నీసులు డజను, రెండు సైజుల్లో. ఒక సూది, నల్ల దారం, తెల్ల దారం, రెండు హుక్కులు. ఒక అదనపు నాడా. నాడా తెగిన రోజే తెలుస్తుంది దాని విలువ.

చెప్పులు రెండు జతలు, ఒకటి కాళ్లకి, ఒకటి సంచిలో. ఎక్కువ బరువున్నవి కాళ్లకి వేసుకుని తేలికవి సంచిలో పెట్టండి. జూన్ నుంచి నవంబరు దాకా తోలు చెప్పులు ఇంట్లో వదిలెయ్యండి. ఒకసారి తడిస్తే రెండు రోజులైనా ఆరవు, బూజు పట్టి సంచంతా ముక్కిన వాసన వేస్తుంది. వెనక పట్టీ ఉన్న రబ్బరు సాండల్సు నయం.

ఉతికితే ఆరాలి కదా

తక్కువ బట్టలతో తిరగడమంటే గదిలో రోజూ కొంచెం ఉతుక్కోవడమే. సగం మంది ఇక్కడే దెబ్బతింటారు. గాలిలోనే నీళ్లున్న ఆగస్టులో దళసరి నూలు లోదుస్తులు ఫ్యాను కింద రాత్రంతా వేసినా తెల్లారి చెమ్మగానే ఉంటాయి. చెమ్మ బట్ట వేసుకుని రోజంతా ఏసీ గదిలో కూర్చుంటే తొడల దగ్గర ఒరిపిడి, దురద. ప్రయాణానికి పల్చటి నైలాన్ కలిసిన లోదుస్తులు మూడు జతలు పెట్టుకోండి, అవి రాత్రికి ఆరిపోతాయి.

ఆరబెట్టేదానికి కిటుకు తువ్వాల్లో ఉంది. ఉతికి పిండిన బట్టని హోటలు తువ్వాలు మీద పరిచి, రెండూ కలిపి చాపలా చుట్టి, మోకాలితో అదమండి. పిండితే పోని నీళ్లు తువ్వాలు పీల్చేస్తుంది. తర్వాత హ్యాంగరుకి వేసి గదిలో ఏసీ గాలి తగిలే చోట పెట్టండి, బాత్రూములో కాదు. ఏసీ గాలిలోని తేమ లాగేస్తుంది కాబట్టి దాని ముందు బట్ట తొందరగా ఆరుతుంది. మూసిన బాత్రూములో ఎంతసేపున్నా ఆరదు.

మీ సొంత తువ్వాలు బదులు పల్చటి నూలు తుండు ఒకటి చాలు. 150 గ్రాములుంటుంది. తుడుచుకోవడానికి, దిండు మీద పరచడానికి, తడిసిన తలకి, అన్నిటికీ అదే.

చిన్న డబ్బా

షాంపూ పాకెట్లు మూడు. సబ్బు బిళ్లని సగానికి కోసి, ఆరిన ముక్కే పెట్టాలి. తడి సబ్బు డబ్బాలో ముద్దై కారుతుంది. కొబ్బరినూనె తీసుకెళ్లేవాళ్లు సీసా మూత తీసి, దాని మూతి మీద పల్చటి ప్లాస్టిక్ ముక్క వేసి, మళ్లీ మూత బిగించండి, కారదు. డిసెంబరు, జనవరిలో హైదరాబాద్ చలికి నూనె గడ్డకడుతుంది. సన్న మూతి సీసా అయితే బయటికి రాదు, వెడల్పు మూతి చిన్న డబ్బాలో పోసుకోండి.

మాత్రల షీట్లు కత్తిరించకండి. ముక్కలు చేస్తే మందు పేరు, గడువు తేదీ పోతాయి. రోజూ వేసుకునే బీపీ, థైరాయిడ్ మాత్రలు రెండు రోజులవి అదనంగా, డాక్టరు చీటీ ఫోటో ఫోనులో. ఓఆర్‌ఎస్ పాకెట్లు రెండు.

నెలసరి తేదీ వారం దూరంలో ఉన్నా ప్యాడ్లు ఆరు పెట్టండి. నిద్రలేమికి, తిరుగుడికి ముందే రావచ్చు. మెన్‌స్ట్రువల్ కప్పు వాడే అలవాటున్నవాళ్లకి అదొక్కటే ఆరు ప్యాడ్ల పని చేస్తుంది, 12 గంటల దాకా పనికొస్తుంది కూడా. ఎప్పుడూ వాడనివాళ్లు మాత్రం ప్రయాణంలో మొదలుపెట్టకండి, ఇంట్లో రెండు నెలలు అలవాటయ్యాకే. పాత దినపత్రిక నాలుగు ముక్కలు, రెండు నల్ల కవర్లు దగ్గరుంచుకోండి. ఇప్పుడు రైళ్లలో ఉన్నవి బయో టాయిలెట్లు. ప్యాడ్ లోపల వేస్తే గొట్టం మూసుకుపోయి బోగీ మొత్తానికి ఇబ్బంది. చుట్టి చెత్తబుట్టలోనే వెయ్యాలి.

బాత్రూము దొరకదేమోనని పొద్దుట్నుంచీ నీళ్లు మానేసేవాళ్లు ఎక్కువ. మూత్రంలో మంట మొదలయ్యేది అలాగే. మానడం కాదు, ఎక్కడ ఆగాలో ముందే అనుకోండి. రోడ్డు మీదైతే జాతీయ రహదారి పక్కనున్న పెద్ద పెట్రోలు బంకులు, ఊళ్లో అయితే వెళ్లిన ఆఫీసు. మీటింగు మొదలవకముందే అడిగెయ్యండి, మధ్యలో లేచి అడగాల్సిన అవసరం ఉండదు. కాగితపు సబ్బు, చిన్న టిష్యూ కట్ట భుజం సంచిలో.

కాగితాలూ కరెంటూ

ల్యాప్‌టాప్‌కీ ఫోనుకీ కలిపి 65 వాట్ల టైప్ సీ చార్జరు ఒక్కటి, దానికి రెండు వైర్లు. రెండు ఇటుకల్లాంటి చార్జర్లు మొయ్యక్కర్లేదు. చాలా రైళ్లలో రాత్రి 11 నుంచి తెల్లవారుజాము 5 దాకా చార్జింగ్ పాయింట్లకి కరెంటు ఆపేస్తారు. ఎక్కగానే పెట్టుకోండి, పడుకునేటప్పుడు కాదు. పవర్ బ్యాంక్ 10,000 ఎంఏహెచ్ చాలు.

వానాకాలంలో బ్యాగు మీద వేసే రెయిన్ కవరు వీపు వైపు కప్పదు. ఆటోలోంచి దిగి గొడుగు తెరిచేలోగా వీపు మీంచే నీళ్లు లోపలికి దిగుతాయి. బ్యాగు లోపలే ఒక దళసరి పాలిథిన్ సంచి పరిచి, బట్టలూ ల్యాప్‌టాపూ అందులో పెట్టి, మూతి మెలిపెట్టండి.

హోటల్లో ఆధార్ జిరాక్స్ అడిగితే మొదటి 8 అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. దాని మీద హోటలు పేరు, తేదీ అడ్డంగా రాసి ఇవ్వడం మంచిది. ఇంటి నుంచే రెండు కాపీలు తీసుకెళ్తే రాత్రివేళ జిరాక్స్ షాపు వెతుక్కునే పని తప్పుతుంది.

బిల్లుల సంగతి. గదిలో దిగేటప్పుడే కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు రాయించండి. బిల్లు కొట్టాక మార్చమంటే మార్చరు. ఇంకో చిక్కుంది. తెలంగాణ హోటలు వేసేది తెలంగాణ పన్ను. ఆంధ్రలో మాత్రమే రిజిస్టరైన కంపెనీకి ఆ పన్ను తిరిగి జమ రాదు. మీ అకౌంట్స్‌వాళ్లు ఎందుకు రాలేదని మిమ్మల్ని అడిగితే తప్పు మీది కాదు. భోజనం బిల్లులు, టోలు చీటీలు వేడికి అక్షరాలు వెలిసిపోయే కాగితం మీద వస్తాయి, ఆ పూటే ఫోటో తీసెయ్యండి. ఆటోకి యూపీఐ చేసేటప్పుడు నోట్‌లో ఎక్కణ్ణుంచి ఎక్కడికో రాస్తే అదే మీ లెక్క పుస్తకం.

టికెట్టు, బెర్తు, దిగే స్టేషను

రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు. ఆఫీసు పని అంత ముందు తెలియదు కాబట్టి మన గతి తత్కాలే. ఏసీకి ఉదయం 10, స్లీపరుకి 11 గంటలకి, బండి తన మొదటి స్టేషనులో బయల్దేరే తేదీకి ముందురోజు. ఇక్కడ పొరపాటు పడతారు. విశాఖలో రాత్రి బయల్దేరి మన స్టేషనుకి అర్ధరాత్రి దాటాక వచ్చే బండికి ఆ ముందు తేదీయే లెక్క. 2025 జులై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతా ఉండాలి, పని పడకముందే ఆ ముచ్చట తీర్చుకోండి.

45 ఏళ్లు దాటిన ఆడవాళ్లకి కింది బెర్తు కోటా ఉంది. దూరప్రయాణపు ఎక్స్‌ప్రెస్‌ల స్లీపరు క్లాసులో ఆడవాళ్లకి 6 బెర్తుల కోటా వేరే ఉంది, బుకింగులో కోటా మార్చి చూడండి. ఎంచుకునే అవకాశముంటే, మోకాళ్లు సహకరిస్తే, ఒంటరిగా వెళ్లేవాళ్లకి పై బెర్తే మంచిది. ఎవరూ వచ్చి కాళ్ల దగ్గర కూర్చోరు, సంచి తలవైపు పెట్టుకోవచ్చు. సైడు లోయరు పగలు అందరికీ అరుగే. రైల్లో ఇబ్బందైతే 139, బయటైతే 112.

అమలాపురానికి రైలు లేదు. రాజమండ్రికో, సామర్లకోటకో, కాకినాడకో, పాలకొల్లుకో రోడ్డున వెళ్లి ఎక్కాలి. రావులపాలెం మీదుగా వచ్చేవాళ్లు రెండున్నర గంటల ముందు బయల్దేరండి. కొవ్వూరు వైపు నుంచి రాజమండ్రి వచ్చేవాళ్లు రోడ్డు కం రైలు వంతెన తెరిచి ఉందో లేదో కనుక్కోవాలి. మరమ్మతులకి మూసినప్పుడు గామన్ బ్రిడ్జి చుట్టు తిరగాలి. బోర్డింగు స్టేషను మార్చుకోవచ్చు గానీ మార్చాక పాత స్టేషనులో ఎక్కే హక్కు పోతుంది.

హైదరాబాద్‌లో ఎక్కడ దిగుతున్నారో టికెట్టు మీద పేరు చదవండి. సికింద్రాబాద్ స్టేషను పునర్నిర్మాణం వల్ల కొన్ని బండ్లు చర్లపల్లికి మారాయి. చర్లపల్లి ఊరికి తూర్పు కొస, లింగంపల్లి పడమటి కొస. పని గచ్చిబౌలిలోనో హైటెక్ సిటీలోనో అయితే లింగంపల్లి దాకా వెళ్లే బండి చూసుకోండి. లేదంటే తెల్లవారుజామున ఊరంతా అడ్డంగా దాటాలి.

ఇక సంక్రాంతి. పండక్కి ముందు వారం హైదరాబాద్ నుంచి ఇటు, కనుమ తర్వాత ఇటునుంచి అటు బెర్తు అడగడమే దండగ. ఆ రోజుల్లో భీమవరంలో కోడిపందేలకొచ్చినవాళ్లతో హోటళ్లు నిండి ఉంటాయి. పని వాయిదా వేసుకోండి.

దిగాక, పది గంటల మీటింగు దాకా

బండి ఐదింటికి చేరుతుంది, మీటింగు పదింటికి. రైలు బాత్రూములో చీర మార్చుకోవాలని చూడకండి, నేల తడి, పట్టుకోడానికి ఏమీ ఉండదు. రిటైరింగు రూము గంటల లెక్కన ఆన్‌లైన్‌లో దొరుకుతుందేమో ముందే చూడండి. అది లేకపోతే ఆడవాళ్ల వెయిటింగు హాలు. రెండు రోజుల పనికి గది ఎలాగూ తీసుకుంటారు కాబట్టి, ఉదయం ఆరింటికి వస్తామని హోటలుకి ముందురోజే ఫోను చేసి అడిగితే చాలాచోట్ల గది ఖాళీగా ఉంటే ఇస్తారు.

గది రెండు, మూడు అంతస్తుల్లో అడగండి. లోపలికి వెళ్లగానే, సామాను దించకముందే మూడు చూడండి. లోపలి గడియ పడుతోందా, బాల్కనీ తలుపు మూసుకుంటోందా, గదిలో ఫోను పని చేస్తోందా. గడియ వదులైతే వెంటనే గది మార్చమనండి, సర్దుకున్నాక మొహమాటం వస్తుంది. తలుపు కింద పెట్టే రబ్బరు ముక్క యాభై గ్రాములు కూడా ఉండదు, దాన్ని తోసి తెరవడం కష్టం. రిసెప్షన్‌లో గది నంబరు బిగ్గరగా చదివితే రాసి ఇమ్మనండి.

డెల్టాలోనే తిరిగే రోజు

ఒక్కరోజులో భీమవరం, నరసాపురం, అమలాపురం చుట్టొచ్చే బ్యాంకు, బీమా, ఎగుమతి ఆఫీసుల వాళ్లకి సంచి ఇంకా చిన్నది, మూడు కిలోలు. దాని సర్దుడు వేరు.

రాష్ట్రంలో ఉండే ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. సున్నా టికెట్టు అడిగి తీసుకోవాలి, గుర్తింపు కార్డు చూపించాలి. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకి ఇది వర్తించదు. ఆఫీసుకి ప్రయాణ ఖర్చు రాసేవాళ్లు ఏ పూట ఏ బస్సో రాసిపెట్టుకోండి, సున్నా టికెట్టుకి డబ్బు అడిగితే బాగుండదు.

రొయ్యల చెరువు గట్ల మీద నల్లమట్టి తడిస్తే అడుగుకి అరకిలో అంటుకుంటుంది. హీలున్నవీ, వెనక పట్టీ లేనివీ అక్కడే ఉండిపోతాయి. ప్రాసెసింగు ప్లాంటు లోపలికి వెళ్లేటప్పుడు గాజులు, ఉంగరాలు, చెవి దుద్దులు, బొట్టుబిళ్ల అన్నీ తీయిస్తారు. ఊడి సరుకులో పడితే కంటెయినరే వెనక్కొస్తుంది. గోళ్లరంగు కూడా వద్దంటారు. ఆ రోజు నగలు లేకుండా వెళ్లడమే మేలు, తాళిబొట్టు గొలుసు జాకెట్టు లోపలికి వెయ్యండి. గమ్‌బూట్లు వాళ్లే ఇస్తారు, మేజోళ్లు మాత్రం మీవి తీసుకెళ్లండి. లోపల హాలు చల్లగా ఉంటుంది, కోల్డ్ స్టోరేజీ మైనస్ 18 డిగ్రీలకి దిగువే. బయట మే ఎండ. నిండు చేతుల పల్చటి కోటు ఒకటి లేకపోతే ఆ తేడా తట్టుకోలేం.

నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద దాటితే దగ్గర. నీటి ఉధృతి పెరిగితే పంటు ఆపేస్తారు, అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు. జులై, ఆగస్టుల్లో పొద్దున్నే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం చూడండి. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే నది మధ్యనున్న లంకల్లో పనులు ఆ రోజుకి పెట్టుకోకండి. వెళ్లడానికి దారున్నా సాయంత్రం తిరిగి రావడానికి కాజ్‌వే ఉండకపోవచ్చు.

చేతిలో మిఠాయి

డెల్టా నుంచి వెళ్తూ ఉత్తచేతులతో వెళ్లలేం. హైదరాబాద్ ఆఫీసువాళ్లు సంచి వైపే చూస్తారు. ఈ మిఠాయిల బరువే 7 కిలోల లెక్కని చెడగొట్టేది.

ఆత్రేయపురం పూతరేకులు తేలిక, కానీ కాస్త నొక్కుకుంటే పొడి. బ్యాగు లోపల పెట్టకండి, పెట్టెని గుడ్డసంచిలో వేసి చేత పట్టుకోండి. బెల్లంవి గాలిలో చెమ్మ పీల్చి మెత్తబడతాయి, రెండో రోజు ఇవ్వాల్సినవైతే పంచదారవి కొనండి. కాకినాడ గొట్టంకాజా లోపలంతా పాకమే. ఒత్తిడికి పగిలిందంటే ల్యాప్‌టాప్ మీదకి కారుతుంది, స్టీలు డబ్బాలో తప్ప వద్దు. తాపేశ్వరం మడతకాజా ఆ గొడవ తక్కువ. ఆవకాయ విమానంలో చేతిసంచిలో పెడితే తనిఖీలో తీయించేస్తారు, చెక్ ఇన్ సామానులో రెండు కవర్లు వేసి పెట్టాలి. కోనసీమ నుంచి వెళ్లేవాళ్లు తెలియక పట్టుకెళ్లేది ఎండుకొబ్బరి. నూనె ఎక్కువ కాబట్టి మండే సరుకు కింద లెక్క, విమానంలో తీసుకెళ్లనివ్వరు.

తిరిగొచ్చిన పూటే సంచి మొత్తం బోర్లించి, తుండుతో లోపల తుడిచి, జిప్పులు తెరిచి ఎండలో పెట్టండి. వాడేసిన షాంపూ పాకెట్లు, ప్యాడ్లు, ఓఆర్‌ఎస్ అప్పుడే నింపేసి చిన్న డబ్బాని సంచిలోనే వదిలెయ్యండి. మళ్లీ ఫోను ఎప్పుడొస్తుందో, బండి ఎన్నింటికో తెలియదు.